నాన్నగారి ఫ్లూ టీకా పనిచేయలేదా? కొత్త ‘ప్రోటీన్ టీకా’ వచ్చేదాకా ఆగాలా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మా నాన్నగారికి 72 ఏళ్లు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. డాలస్‌లో ఉన్న మా తమ్ముడు పోరు పెడితే ఏడాదిన్నర కిందట నవంబర్‌లో ఫ్లూ టీకా వేయించాం. అయినా ఆ తర్వాతి ఆగస్టులో జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ముక్కులోంచి శాంపిల్ తీసి ఫ్లూ అనే తేల్చారు. అప్పటినుంచి ‘ఇంకోసారి టీకా పేరెత్తొద్దు’ అంటున్నారు. ఫ్లూ టీకాలో రోగనిరోధక శక్తిని పెంచే ప్రోటీన్లు కలిపి కొత్త రకం తయారుచేస్తున్నారని, అది వచ్చేదాకా ఆగుదామని తమ్ముడు అంటున్నాడు. మా ఆడపడుచేమో ప్రోటీనే కదా, డబ్బా పౌడర్ పాలల్లో కలిపి ఇస్తే సరిపోతుందంటోంది. ఆ ప్రోటీన్లేమిటి? ఒంటికి మంచివేనా? ఆగాలా, ఉన్నదే వేయించాలా? ఈ అక్టోబర్‌లో అమ్మానాన్నలు తమ్ముడి దగ్గరకు వెళ్లి ఆరు నెలలు ఉంటారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో ప్రోటీన్ల కంటే ముందు నా కళ్లు రెండు నెలల పేర్ల దగ్గర ఆగాయి. నవంబర్‌లో టీకా, ఆగస్టులో జబ్బు. మధ్యలో తొమ్మిది నెలలు. ఫ్లూ టీకా వేసిన రెండు వారాలకు దాని రక్షణ అందుతుంది. కొన్ని నెలలు గట్టిగా నిలుస్తుంది. ఆ తర్వాత నెలనెలా తగ్గుతూ పోతుంది. పెద్దవయసులో ఇంకా తొందరగా తగ్గుతుంది. ఆరు నెలలు దాటాక దాని మీద భారం వేసి కూర్చోలేం. మీ నాన్నగారికి వైరస్ తగిలేసరికి టీకా బలం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది. కాబట్టి టీకా పనిచేయలేదని తీర్మానించే ముందు, వేయించిన నెల సరైనదేనా అని చూడాలి.

నవంబర్ మీ తమ్ముడి ఊరి లెక్క. అమెరికాలో ఫ్లూ చలికాలపు జబ్బు. మన దగ్గర తొలకరి పడి, బడులు తెరిచి, పిల్లలు తడిసిన బట్టలతో ఇంటికి రావడం మొదలయ్యాక ఫ్లూ పుంజుకుంటుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా పెద్ద అల, మళ్లీ జనవరి, ఫిబ్రవరి, మార్చిలలో ఇంకొకటి. దేశమంతా కూడా ఒకేలా ఉండదు. శ్రీనగర్‌లో చలికాలంలోనే వస్తుంది. చెన్నై, వేలూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలతో అక్టోబర్, నవంబర్‌లలో ఎక్కువ. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేనూ పుస్తకాల్లో ఉన్నట్టే అక్టోబర్‌లోనే టీకా రాసేదాన్ని. ఆగస్టులో దగ్గుతూ వచ్చిన పెద్దవాళ్ల చీటీలు తిరగేస్తుంటే వరసగా అదే కనిపించేది, కిందటేడు అక్టోబర్, కిందటేడు నవంబర్ అని. అప్పుడు మార్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గరకు వచ్చే పెద్దవాళ్లకు ఏప్రిల్ చివర, మే నెలలో వేస్తున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా రెండుసార్లు కూర్చుని టీకాలో ఏ రకాల వైరస్‌లు ఉండాలో చెబుతుంది. ఫిబ్రవరిలో చెప్పేది ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో చెప్పేది దక్షిణార్ధగోళానికి. మనం భూమధ్యరేఖకు ఉత్తరానే ఉన్నాం. అయినా వానాకాలానికి ముందు మనకు అందే తాజా టీకా దక్షిణార్ధగోళం పేరుతో వచ్చేదే. పెట్టె మీద ఆ మాటా, సంవత్సరమూ రాసి ఉంటాయి. వేసే ముందు పెట్టె చూపించమని అడగండి, అందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు. నాలుగు రకాలది కాకుండా మూడు రకాలదే ఉందంటే పాత సరుకని అనుకోకండి. బీ యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ప్రపంచంలో ఎక్కడా ఖాయంగా కనిపించలేదు. అందుకే మళ్లీ మూడు రకాల టీకాకే మారుతున్నారు.

సమయానికి వేయించినా ఫ్లూ టీకా నూటికి నూరుపాళ్లు కాపాడదు. ఆ మాట మొదటే చెప్పకపోవడం వల్లే మీ నాన్నగారిలాంటి వాళ్లకు టీకా అంటే నమ్మకం పోతోందని నా అభిప్రాయం. టీకాలోని రకాలకూ ఊళ్లో తిరుగుతున్న వైరస్‌కూ పొంతన కుదిరిన ఏడాది, డాక్టరు దగ్గరకు పరిగెత్తాల్సినంత ఫ్లూ రాకుండా 40 నుంచి 60 శాతం దాకా అడ్డుపడుతుంది. కుదరని ఏడాది అంతకంటే తక్కువ. 65 దాటినవాళ్లలో మామూలుగానే తక్కువ. మీ తమ్ముడు చెప్పిన ప్రోటీన్ల కథంతా ఈ తక్కువను పూడ్చడానికి జరుగుతున్న ప్రయత్నమే.

ఒంట్లో ఏం జరుగుతుందో చూస్తే అది అర్థమవుతుంది. జబ్బకు వేసిన సూదితో అర మిల్లీలీటరు మందు కండలోకి దిగుతుంది. అందులో ముఖ్యంగా ఉండేది వైరస్ పైపొర మీది హీమగ్లుటినిన్ అనే ప్రోటీన్. మన కణాలకు అతుక్కోవడానికి వైరస్ వాడేది దీన్నే. కండలో కాపలా తిరిగే డెండ్రిటిక్ కణాలు, కొమ్మల్లా చేతులు చాచి ఉండేవి, ఆ ప్రోటీన్‌ను మింగి ముక్కలు చేసి చంకలోని బిళ్ళలకు మోసుకుపోతాయి. కాలికి పుండు పడితే గజ్జల్లో బిళ్ళ కట్టిందంటామే, అలాంటి బిళ్ళలే ఇవీ. యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, వాటిని నడిపించే టీ కణాలు అక్కడ కాచుకుని ఉంటాయి. వాటికి ముక్క చూపిస్తే చాలదు. ఇది ప్రమాదమని చెప్పాలి కూడా.

దొంగ ఫొటోను రచ్చబండ దగ్గర గోడకు అతికిస్తే దారిన పోయేవాళ్లు ఒకరిద్దరు చూస్తారు. డప్పు కొట్టి చాటింపు వేస్తే ఊరంతా తలుపులు తీసి బయటికొస్తుంది. హీమగ్లుటినిన్ ఆ ఫొటో. ఒంట్లో చాటింపు వేసేవి సైటోకైన్లనే చిన్న చిన్న ప్రోటీన్లు. ఒక కణం వదిలితే ఇంకో కణం అందుకుంటుంది. ఇంటర్‌ఫెరాన్, ఇంటర్‌ల్యూకిన్ అని కోవిడ్ రోజుల్లో టీవీల్లో విన్నారే, అవి ఈ కోవలోవే.

వయసు పైబడితే ఈ చాటింపు పలచబడుతుంది. డెండ్రిటిక్ కణాలు మందగిస్తాయి. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథి కొత్త టీ కణాలకు శిక్షణ ఇచ్చే చోటు. అది యవ్వనం నుంచే కుంచించుకుపోతూ 70 ఏళ్లకు చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. దానికి షుగర్ తోడైతే ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక మూల సన్నని వాపు రాజుకుంటూనే ఉంటుంది. రోజూ డప్పు మోగే ఊళ్లో అసలు చాటింపు ఎవరి చెవికీ ఎక్కదు. మీ నాన్నగారి ఒళ్లు టీకాకు తక్కువగా స్పందించి ఉంటే కారణం ఇదే. అందులో ఆయన తప్పూ లేదు, మీ తప్పూ లేదు.

దీనికి రెండు దారులు ఇప్పటికే ఉన్నాయి. ఒకటి ఫొటోను పెద్దది చేయడం. మామూలు టీకాలో ఒక్కో రకానికి 15 మైక్రోగ్రాముల హీమగ్లుటినిన్ ఉంటే, హై డోస్ టీకాలో 60 ఉంటుంది. అమెరికాలో 2009లో దానికి అనుమతి వచ్చింది. 65 దాటిన దాదాపు 32 వేల మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. మామూలు టీకా వేసుకున్నవాళ్లతో పోలిస్తే హై డోస్ వేసుకున్నవాళ్లలో ఫ్లూ 24 శాతం తగ్గింది. కీటకాల కణాల్లో తయారుచేసే ఇంకో టీకా ఉంది, దానికి కోడిగుడ్లతో పనిలేదు. అందులో 45 మైక్రోగ్రాములు.

రెండో దారి డప్పు గట్టిగా కొట్టడం. టీకాకు తోడు చేర్చే ఈ పదార్థాన్ని అడ్జువెంట్ అంటారు. ఇది కొత్త ఆలోచన కాదు, వందేళ్ల నాటిది. 1925 ప్రాంతంలో పారిస్ దగ్గర గాస్టన్ రామన్ అనే శాస్త్రవేత్త డిఫ్తీరియా మందు కోసం గుర్రాలకు సూదులు వేసేవాడు. సూది వేసిన చోట గడ్డకట్టి చీము పట్టిన గుర్రాల రక్తంలోనే మందు ఎక్కువగా తయారవుతోందని ఆయన గమనించాడు. దాంతో కావాలనే అక్కడ కొంచెం వాపు తెప్పించడానికి టీకాలో టాపియోకా కలిపి చూశాడు. అంటే మనం పాయసంలో వేసుకునే సగ్గుబియ్యం సరుకే. మరుసటి ఏడాది ఇంగ్లండ్‌లో అలెగ్జాండర్ గ్లెనీ పటికతో అదే పని చేశాడు. ఆ అల్యూమినియం లవణాలు నేటికీ టీటీ సూదిలోనూ, పిల్లల డీపీటీలోనూ ఉన్నాయి. డీపీటీ వేయించిన రాత్రి పిల్ల తొడ మీద గట్టిగా బిళ్ళ కట్టి, చెయ్యి వేస్తే కెవ్వుమని ఏడవడం మీరు చూసే ఉంటారు. ఆ నొప్పిలో అడ్జువెంట్ వంతు కూడా ఉంది.

ఫ్లూ విషయంలో పటిక పెద్దగా అక్కరకు రాలేదు. స్క్వాలీన్ అనే నూనెను నీళ్లలో సన్నని బొట్లుగా చిలికి తయారుచేసిన ఎంఎఫ్59 పనికొచ్చింది. స్క్వాలీన్ మన ఒంట్లోనూ తయారయ్యేదే. ఆ టీకా 1997లో ఇటలీలో పెద్దవాళ్ల కోసం వచ్చింది, 2015లో అమెరికాలో అనుమతి పొందింది. నొవావాక్స్ కోవిడ్ టీకాలో వాడిన అడ్జువెంట్ చిలీ దేశపు ఒక చెట్టు బెరడులోని సాపోనిన్ల నుంచి వచ్చింది. కుంకుడుకాయ నురగకు కారణమైనవీ సాపోనిన్లే. మన హైదరాబాద్‌లో తయారైన కోవాక్సిన్‌లో పటిక జాతి పదార్థానికి తోడు, ఒంట్లోని ప్రమాద ఘంటను నేరుగా మోగించే ఒక అణువు ఉంది. కోర్బెవాక్స్‌లోనూ అలాంటిదే ఇంకొకటి ఉంది. ఈ రెండింటిలో ఏది వేయించుకుని ఉన్నా మీ నాన్నగారికి అడ్జువెంట్ కొత్త కాదు. ఆయనతో మాట్లాడేటప్పుడు ఈ సంగతి గుర్తు చేయండి.

మీ తమ్ముడు చెబుతున్నది దీనికి తర్వాతి మెట్టు. నూనెతోనో పటికతోనో వాపు తెప్పించి, ఆ వాపు వల్ల కణాలు సైటోకైన్లు వదిలేదాకా ఆగడం ఎందుకు? ఆ ప్రోటీన్‌నే తెచ్చి టీకాలో పెడితే పోదా? ఆలోచన బాగుంది. పైగా ఇలాంటి ప్రోటీన్లలో మొదట దొరికిన వాటిలో ఒకటైన ఇంటర్‌ఫెరాన్ బయటపడింది ఫ్లూ వైరస్ పుణ్యానే. 1957లో లండన్‌లో అలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ అనే ఇద్దరు వేడితో చంపిన ఫ్లూ వైరస్‌ను కోడిగుడ్డు లోపలి పొర ముక్కల మీద వేశారు. ఆ పొరను తాకిన ద్రవాన్ని కొత్త పొర ముక్కల మీద పోస్తే, వాటి మీదకు వదిలిన వైరస్ పెరగలేకపోయింది. చచ్చిన వైరస్‌ను చూసిన కణాలు పక్క కణాలను హెచ్చరించే పదార్థమేదో వదిలాయన్నమాట. దానికే ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

ఆ తర్వాత ఇంటర్‌ల్యూకిన్‌లను ఫ్లూ టీకాకు కలిపి చాలా ప్రయోగాలు జరిగాయి. చిక్కు ఎక్కడొచ్చిందంటే, సైటోకైన్‌ను విడిగా కలిపి సూది వేస్తే అది టీకా దగ్గర నిలవదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. ఫొటో ఒక వీధిలో, డప్పు ఇంకో వీధిలో. ఫలితం తక్కువ, జ్వరం, ఒళ్లు నొప్పులు ఎక్కువ. అందుకే దాన్ని టీకాకే కట్టేయాలని చూస్తున్నారు. అమెరికాలో అట్లాంటా నగరంలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో జరిగిన పని ఈ దారిలోనిదే. వైరస్ ఆకారం ఉండి లోపల జన్యువు లేని ఉత్త డొల్లను తయారుచేస్తారు. సైటోకైన్ ప్రోటీన్‌కు ఒక కొవ్వు తోక తగిలిస్తారు. రెండూ కలిపితే తోక ఆ డొల్ల పైపొరలో గుచ్చుకుని నిలబడుతుంది. ఇక ఏ కణం డొల్లను పట్టుకున్నా హెచ్చరిక కూడా దానితోపాటే అందుతుంది. ఎలుకల్లో బాగా పనిచేసింది. ఎలుకల్లో బాగా పనిచేసి మనుషుల దాకా రానివి ఎన్నో ఉన్నాయి కాబట్టి దీన్ని ఆశగా చూడాలే తప్ప మందుగా లెక్కవేయకూడదు.

ఇంకో ప్రోటీన్ ఇంతకంటే ముందుకు వెళ్లింది. దాని పేరు ఫ్లాజెలిన్. బాక్టీరియా ఈదడానికి వాడే తోక దీనితోనే తయారవుతుంది. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా జాతి తోకను మన కణాలు టీఎల్ఆర్5 అనే గ్రాహకంతో పసిగడతాయని 2001లో తేలింది. తోక తగిలిందంటే బాక్టీరియా వచ్చినట్టే, అందుకే ఒళ్లు వెంటనే మేల్కొంటుంది. వాక్స్‌ఇన్నేట్ అనే అమెరికా కంపెనీ హీమగ్లుటినిన్ ముక్కను ఫ్లాజెలిన్‌కు అతికించి ఒకే ప్రోటీన్‌గా తయారుచేసింది. 65 దాటినవాళ్లకూ ఇచ్చి చూసింది. కొద్ది మైక్రోగ్రాములకే యాంటీబాడీలు బాగా వచ్చాయి. అయితే ఈ తరహా టీకాల్లో డోసు పెంచిన కొద్దీ కొందరికి జ్వరం, చలి, నీరసం వచ్చాయి. డప్పు మరీ గట్టిగా కొడితే ఊరు నిద్ర లేవడమే కాదు, బెంబేలెత్తుతుంది. ఆ టీకా మార్కెట్‌కు రాలేదు.

ఒంటికి మంచివేనా అని అడిగారు. దీనికి జవాబుగా స్విట్జర్లాండ్‌లో జరిగింది చెప్పాలి. 2000 అక్టోబర్‌లో అక్కడ ముక్కులో కొట్టే ఫ్లూ టీకా ఒకటి వచ్చింది. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టడానికి అందులో ఈ.కోలై బాక్టీరియా తయారుచేసే ఒక విషపు ప్రోటీన్‌ను కొద్దిగా కలిపారు. ముందు చేసిన పరీక్షల్లో ప్రమాదం కనిపించలేదు. జనంలోకి వెళ్లాక కొందరికి మూతి వంకర పోవడం, ఒక కన్ను మూతపడకపోవడం మొదలైంది. బెల్స్ పాల్సీ అంటారు దాన్ని. టీకా వేసుకున్న ప్రతి పది వేల మందిలో సుమారు 13 అదనపు కేసులు వచ్చాయని 2004లో లెక్క తేలింది. అప్పటికే ఆ టీకాను ఆపేశారు. వెయ్యి మంది మీద పరీక్షిస్తే అలాంటిది ఒకటి కనపడొచ్చు, కనపడకపోవచ్చు. కనపడినా అది టీకా వల్లేనని ఎవరికీ తట్టదు. 2009 స్వైన్ ఫ్లూ సమయంలో యూరప్‌లో వాడిన ఒక అడ్జువెంట్ టీకా తర్వాత ఫిన్లాండ్, స్వీడన్‌లలో కొందరు పిల్లలకు పగలే ముంచుకొచ్చే నిద్ర జబ్బు, నార్కొలెప్సీ, వచ్చింది. దానికి అడ్జువెంట్ కారణమా, ఆ వైరస్ ప్రోటీన్ కారణమా అన్న వాదన ఇంకా నడుస్తోంది.

మిమ్మల్ని భయపెట్టడానికి ఇవి చెప్పలేదు. ముక్కు టీకాలో వాడింది విషపు ప్రోటీన్, అదీ ముఖం నరాలకు దగ్గరగా. జబ్బకు వేసే ఎంఎఫ్59 టీకా పాతికేళ్లకు పైగా వాడుకలో ఉంది. దానితో సాధారణంగా వచ్చేవి చెయ్యి నొప్పి, ఒకట్రెండు రోజుల వెచ్చదనం. ఒళ్లు మేల్కొలిపే ప్రోటీన్ ఏదైనా జనానికి ఇవ్వాలంటే వేలు, పదివేల మంది మీద ఏళ్ల తరబడి చూడాల్సిందే, ఆ ఆలస్యం మన మంచికే. మీ నాన్నగారు మాత్రం ఆ ఏళ్లన్నీ ఆగలేరు. ఈ జూలైలో వానలు పడతాయి, ఫ్లూ వస్తుంది. అందుకని ఆగొద్దు. ఉన్నదే వేయించండి.

డబ్బా పౌడర్ గురించి. పేరు ఒకటే కావడం వల్ల మీ ఆడపడుచు పొరబడ్డారు, చాలామంది పొరబడతారు. మనం తిన్న ప్రోటీన్ ఏదైనా కడుపులో, పేగుల్లో చిన్న ముక్కలుగా విరిగిపోతుంది. పప్పు పప్పుగా రక్తంలోకి వెళ్లదు, ఇంటర్‌ల్యూకిన్‌ను పాలల్లో కలిపి తాగినా ఇంటర్‌ల్యూకిన్‌గా వెళ్లదు. పౌడర్‌లోది ఇటుకల లాంటిది. టీకాలో కలిపేది కబురు లాంటిది, గ్రాములో లక్షో వంతు మోతాదులో ఉంటుంది. ‘ఇమ్యూనిటీ బూస్టర్’ అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసి అమ్మేవాళ్ల మీద నాకు చాలా కోపం. పెద్దవాళ్ల పింఛన్ డబ్బులు వాటికి పోతున్నాయి. పన్నెండేళ్ల షుగర్ ఉన్న మనిషికి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో, క్రియాటినిన్ ఎంతుందో చూడకుండా ప్రోటీన్ పౌడర్ ఇవ్వకూడదు. ఆయన తిండి తగ్గి బక్కచిక్కిపోతుంటే అది వేరే సంగతి, దానికి డాక్టరుకు చూపించి పప్పు, పెరుగు, గుడ్డు ఎంత పెట్టాలో అడగండి.

దీనికి పక్కనే ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. మన పేగుల్లో ఉండే బాక్టీరియా తోకల్లోనూ ఫ్లాజెలిన్ ఉంటుంది. పేగుల్లో బాక్టీరియా లేని ఎలుకలకు, యాంటీబయాటిక్స్‌తో దాన్ని తుడిచేసిన ఎలుకలకు ఫ్లూ టీకా వేస్తే యాంటీబాడీలు సరిగా రాలేదని ఎమరీ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో చూపించారు. అంటే పేగుల్లోని బాక్టీరియానే సహజమైన అడ్జువెంట్‌లా చెయ్యందిస్తోంది. 2019లో కొద్దిమంది మనుషుల మీద చేసిన పరీక్షలో కూడా, ఫ్లూ మీద ముందు నుంచి అంతగా శక్తి లేనివాళ్లు యాంటీబయాటిక్స్ వాడాక టీకా వేయించుకుంటే, ఒక రకం వైరస్ మీద స్పందన తగ్గింది. మన ఇళ్లల్లో జలుబు చేయగానే మెడికల్ షాపులో అడిగి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు మింగడం అలవాటు. జలుబుకూ ఫ్లూకూ అవి పనిచేయవు. టీకా వేయించే రోజులు దగ్గరపడుతున్నప్పుడు ఆ అలవాటు మీ ఇంట్లో మానిపించండి. డాక్టరు అవసరమని రాస్తే మాత్రం తప్పక వాడాలి.

ఇక ఏం చేయాలో చెబుతాను. మేలోగా దక్షిణార్ధగోళం టీకా వేయించండి. మన దగ్గర సాధారణంగా దొరికేది మామూలు డోసుదే, అదే చాలు. ముందు టీకాలకు ఎప్పుడైనా తీవ్రమైన అలర్జీ వచ్చి ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. ఆ రోజు జ్వరం ఉంటే తగ్గాక వెళ్లండి. న్యుమోనియా టీకా, అంటే న్యూమోకాకల్ టీకా, ఇంతవరకు వేయించకపోతే దాని గురించి కూడా అడగండి. ఫ్లూ వచ్చిన పెద్దవాళ్లను ఆసుపత్రి పాలు చేసేది చాలాసార్లు దాని వెనకే వచ్చే న్యుమోనియా. ఇంట్లో బడికి వెళ్లే పిల్లలుంటే వాళ్లకూ వేయించండి. ఇంట్లోకి ఫ్లూను మోసుకొచ్చేది ఎక్కువగా వాళ్లే.

మీ నాన్నగారితో వాదన పెట్టుకోకండి. టీకా వేసుకుంటే ఫ్లూ రాదు అని ఈసారి అనొద్దు, ఆ మాట మొదటిసారి అన్నందుకే ఆయన నమ్మకం పోయింది. ‘కిందటిసారి మనం తప్పు నెలలో వేయించాం నాన్నా, ఈసారి వానలకు ముందు వేయిద్దాం. వస్తే రావచ్చు, ఐసీయూ దాకా పోయే అవకాశం తగ్గుతుంది’ అని చెప్పండి. అది నిజం కూడా. టీకా వేసుకుని కూడా ఫ్లూతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో పరిస్థితి విషమించడం తక్కువని చాలా పరిశీలనల్లో తేలింది. నా దగ్గరకు వచ్చే ఒక మాస్టారు ఇలాగే మూడేళ్లు మొండికేశారు. కాగితం మీద పన్నెండు నెలలు గీసి, టీకా బలం ఎక్కడ తగ్గుతుందో, వాన ఎక్కడ మొదలవుతుందో చూపిస్తే తనే క్యాలెండర్ తీసి మే నెలలో గుర్తు పెట్టుకున్నారు.

ఒకవేళ మళ్లీ జ్వరం, ఒళ్లు నొప్పులు, దగ్గు మొదలైతే రెండు రోజులు ఇంట్లో చూద్దామని ఆగకండి. ఫ్లూకు ఒసెల్టామివిర్ అనే మందు ఉంది. మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. మీరు తొందరపడాల్సింది అక్కడ.

అమ్మగారి గురించి మీరు ఒక్క మాటా రాయలేదు. ఆ నాలుగు రోజులూ ఆసుపత్రి మంచం పక్కన కూర్చున్నది ఆమేనని అనుకుంటున్నాను. ఆమెకూ అదే రోజు వేయించండి.

అక్టోబర్ ప్రయాణం సంగతి. ఇక్కడ మేలో వేయించుకున్నా, డాలస్ చేరాక అక్కడి చలికాలం టీకా మళ్లీ వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. మధ్యలో నాలుగైదు నెలలు ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. మీ తమ్ముడు కోరుకున్న బలమైన టీకా అక్కడ దొరుకుతుంది. 65 దాటినవాళ్లకు హై డోస్, ఎంఎఫ్59 కలిపినది, కీటక కణాల్లో తయారైనది, ఈ మూడింటిలో ఏదో ఒకటి వేయడం మేలని అమెరికా టీకాల సలహా సంఘం 2022లో చెప్పింది. ఫార్మసీలో నాన్నగారి వయసు చెప్పి, ఆ మూడింటిలో ఏదుందో అడగమనండి. ఏది ఉంటే అది. విజిటర్లకు చాలా ఇన్సూరెన్సులు టీకా ఖర్చు ఇవ్వవు, కాబట్టి ధర ముందే కనుక్కోమనండి. ఇక్కడ వేసినప్పుడు టీకా పేరు, తేదీ రాసిచ్చిన కాగితాన్ని పాస్‌పోర్ట్‌తో పాటు అమ్మగారి హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టండి, షుగర్ మందుల చీటీ కూడా అందులోనే.